14 నెలల బాబుకు కుడి వృషణం కిందికి దిగలేదు: ఆపరేషన్ వల్ల ఆ వృషణానికి మేలా, హానియా?

ప్రశ్న: నంద్యాల నాన్న

అందరికీ నమస్కారం. మా బాబుకు ఇప్పుడు 14 నెలలు. నెలలు నిండి, మంచి బరువుతోనే పుట్టాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో కుడి వృషణం సంచిలో చేతికి తగలడం లేదని రాశారు గానీ, బాలింతను, బిడ్డను చూసుకునే హడావిడిలో ఆ వాక్యం మీద ఎవరి దృష్టీ నిలవలేదు. తొమ్మిదో నెల టీకాకు తీసుకువెళ్ళినప్పుడు పిల్లల డాక్టరు గారు పరీక్షించి, వృషణం గజ్జలో తగులుతోందని, వేళ్ళతో కిందికి జరిపినా సంచి దాకా రావడం లేదని చెప్పి, పిల్లల శస్త్రవైద్యులకు చూపించమన్నారు. కర్నూలులో చూపించాం. ఆపరేషన్ చేసి కిందికి దించాలని, ఏడాదిన్నర నిండేలోపు చేయిస్తే మంచిదని ఆయన స్పష్టంగానే చెప్పారు.

ఇంట్లో మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో మాటగా ఉంది. మూడో ఏట తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించే మొక్కు ఉందని, అది తీరేదాకా పిల్లవాడి ఒంటి మీద కత్తి పెట్టనివ్వనని మా అమ్మ పట్టుపడుతోంది. తమ అబ్బాయికి ఐదో ఏట దానంతటదే దిగిందని, తొందరపడవద్దని మా మేనమామ గారు అంటున్నారు. ఊళ్ళో మరొకరు ఇది వరిబీజం తాలూకు జబ్బేనని, పసరు కట్టుతో తగ్గుతుందని కూడా చెప్పిపోయారు. తెలిసిన ఇంకొక డాక్టరు గారు ముందు హార్మోను ఇంజెక్షన్లు వాడి చూద్దామన్నారు. స్కానింగ్ తీయిస్తే, కుడి వృషణం గజ్జ నాళంలో ఉందని, ఎడమదాని కంటే కొంచెం చిన్నదిగా ఉందని రిపోర్టు వచ్చింది.

నన్ను ఎక్కువగా పీడిస్తున్న భయం ఒకటే. అంత చిన్న అవయవానికి వెళ్ళే రక్తనాళాలు ఎంత సన్నగా ఉంటాయో ఊహించుకుంటేనే గుండె జారుతోంది. ఆపరేషన్‌లో వాటికి దెబ్బ తగిలి, ఉన్నది కూడా ఎండిపోతే ఏం చేయాలి? ఎడమది బాగానే ఉన్నప్పుడు కుడిదాన్ని అలా వదిలేస్తే నష్టమేమిటి? దించినంత మాత్రాన అది మామూలు వృషణంలా ఎదిగి పనిచేస్తుందా? రేపు పెళ్ళయ్యాక పిల్లలు పుట్టడానికి ఇబ్బంది ఉంటుందా? క్యాన్సర్ వస్తుందని ఎక్కడో చదివాను, అది నిజమేనా? తెలిసినవారు, అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయగలరు.

సమాధానం: పిల్లల శస్త్రవైద్యుడు, విశాఖపట్నం

నంద్యాల నాన్న గారికి నమస్కారం. మీ బాబును నేను చూడలేదు కాబట్టి అతని విషయంలో తుదిమాట కర్నూలులో చూసిన వైద్యులదే. అయితే మీరు రాసిన వివరాలను బట్టి ఆయన సలహాతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

ముందు మీ మేనమామ గారి మాట తీసుకుంటాను, ఎందుకంటే ఆపరేషన్లు ఆలస్యం కావడానికి ఇలాంటి ఉదాహరణలే ఎక్కువగా కారణమవుతున్నాయి. కొందరు పిల్లలకు వృషణం సంచిలోకి దిగే ఉంటుంది గానీ, చలికో భయానికో అక్కడి కండరం బిగుసుకుని దాన్ని గజ్జలోకి లాగేస్తుంది. పిల్లవాణ్ణి బాసింపట్టు వేయించి కూర్చోబెట్టి, చేతులు వెచ్చచేసుకుని నెమ్మదిగా కిందికి జరిపితే అది సంచి అడుగుదాకా వచ్చి, చేయి వదిలాక కూడా కాసేపు అక్కడే ఉంటుంది. దీనికి ఆపరేషన్ అక్కరలేదు, ఏడాదికొకసారి చూపించుకుంటూ ఉంటే చాలు. అలా చూపించుకోవడం ఎందుకంటే, వీరిలో కొందరికి పిల్లవాడు పొడుగెదిగే కొద్దీ వృషణం పైకి జరిగి అక్కడే ఉండిపోతుంది. ఐదో ఏట దిగిందని చెప్పే పిల్లల్లో చాలామంది ఈ కోవకు చెందినవారే. మీ బాబుకు తొమ్మిదో నెలలోనే, లాగినా సంచి దాకా రాలేదంటున్నారు కాబట్టి ఇది నిజంగా దిగని వృషణమే.

నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి ముగ్గురికి అటూ ఇటుగా పుట్టుకతో ఈ లోపం కనిపిస్తుంది. నెలలు తక్కువగా పుట్టినవారిలో ఇది నూటికి 30 వరకు ఉంటుంది. వీరిలో ఎక్కువమందికి మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో వృషణం దానంతటదే దిగిపోతుంది, ఎందుకంటే ఆ నెలల్లో పసివాడి ఒంట్లో పురుష హార్మోను కొంతకాలం యుక్తవయసులో లాగా పెరుగుతుంది. ఆ పెరుగుదల చల్లారిపోయాక, అంటే ఆరు నెలలు దాటాక, దిగడం చాలా అరుదు. అందుకే ఆరు నెలలకు దిగకపోతే శస్త్రవైద్యుడికి చూపించాలని, ఆ తరువాత ఏడాదిలోపు, అనగా 18 నెలల వయసు దాటకుండా ఆపరేషన్ చేయాలని అమెరికా యూరాలజీ సంఘం 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఐరోపా వైద్యులూ దాదాపు ఇదే మాట చెబుతున్నారు.

అంత తొందర ఎందుకంటే, వృషణం శరీరం లోపలి వేడికంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ వేడిలో ఎదగవలసిన అవయవం. మూడో నెల నుంచి ఆరో నెల మధ్యలో దానిలోని తొలి బీజకణాలు, తరువాతి జీవితమంతా శుక్రకణాలను తయారుచేసే మూలకణాలుగా మారాలి. గజ్జలోనో కడుపులోనో ఉండిపోయిన వృషణంలో ఈ మార్పు సరిగా జరగదు, ఏడాది దాటే కొద్దీ బీజకణాల సంఖ్య తగ్గుతూ పోతుంది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో కరోలిన్‌స్కా ఆసుపత్రి వైద్యులు ఒక పక్క వృషణం దిగని పిల్లలను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు తొమ్మిదో నెలలో, మరొక గుంపుకు మూడో ఏట ఆపరేషన్ చేసి, వృషణాల పరిమాణాన్ని ఏళ్ళ తరబడి కొలిచారు. తొమ్మిదో నెలలో దించిన వృషణాలు ఆపరేషన్ తరువాత వేగంగా పెరిగి రెండో పక్కదాన్ని కొంతమేర అందుకున్నాయి, మూడో ఏటి దాకా ఆగినవి అలా అందుకోలేకపోయాయి. ఆపరేషన్ సమయంలో తీసిన చిన్న ముక్కలను పరీక్షించినప్పుడు కూడా తొమ్మిది నెలల పిల్లల్లోనే బీజకణాలు ఎక్కువగా కనిపించాయి. కాబట్టి దించితే మేలేమైనా ఉందా అన్న మీ ప్రశ్నకు ఉందనే జవాబు. అయితే పుట్టుకతో వచ్చిన తేడా మొత్తం చెరిగిపోతుందని మాత్రం నేను మాట ఇవ్వలేను. మీ బాబు కుడి వృషణం ఇప్పటికే కొంత చిన్నదిగా ఉందంటున్నారు, పెద్దయ్యాక కూడా ఎడమదాని కంటే కొంచెం చిన్నదిగానే ఉండవచ్చు.

ఇక ఆపరేషన్ గురించి. గజ్జ మడతలో రెండు మూడు సెంటీమీటర్ల కోత పెట్టి వృషణాన్ని బయటికి తెస్తాం. దానితో పాటు కడుపు లోపలి పొర ఒక సన్నని సంచిలా కిందికి సాగి ఉంటుంది, పదిమందిలో తొమ్మిదిమందికి అది మూసుకోకుండానే ఉండిపోతుంది. దాన్ని వదిలేస్తే తరువాత హెర్నియాకు దారి ఇచ్చినట్లే. ఉల్లిపొర కంటే పలుచగా ఉండే ఆ పొరను శుక్రవాహిక మీద నుంచి, రక్తనాళాల మీద నుంచి మిల్లీమీటరు మిల్లీమీటరుగా ఒలిచి పైన ముడి వేయడమే ఈ ఆపరేషన్‌లో అసలైన పని. మీరు భయపడుతున్న దెబ్బ తగిలే అవకాశం ఉన్నదీ ఇక్కడే. ఆ పొర వేరుకాగానే రక్తనాళాలకు నిడివి దొరికి, వృషణం ఏ లాగుడూ లేకుండా కిందికి వస్తుంది. సంచి చర్మానికి, దాని అడుగున ఉన్న పలుచని కండరపు పొరకు మధ్య చిన్న జేబులాంటి చోటు చేసి అందులో దాన్ని కుదురుస్తాం. పని తెలిసిన చేతుల్లో, గజ్జలో చేతికి తగిలే వృషణం ఎండిపోవడం నూటికి ఒకరిద్దరిలో జరుగుతుంది. మళ్ళీ పైకి జరిగి రెండోసారి ఆపరేషన్ అవసరం కావడం కూడా కొద్దిమందిలో ఉంటుంది. అందుచేత ఏడాదికి ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేస్తారని మీ వైద్యుణ్ణి నిస్సంకోచంగా అడగండి, అడిగితే నొచ్చుకునే శస్త్రవైద్యుడి దగ్గర చేయించుకోవలసిన అవసరం లేదు.

హార్మోను ఇంజెక్షన్లతో దిగేవి అయిదింట ఒకటి మాత్రమే, అలా దిగినవాటిలో కొన్ని మళ్ళీ పైకి పోతాయి. ఆ 2014 మార్గదర్శకాల్లోనే వీటిని వాడవద్దని ఉంది. స్కానింగ్ కూడా అనవసరమే. చేతికి తగిలేదానికి స్కానింగ్ కొత్తగా చెప్పేది లేదు, చేతికి తగలనప్పుడు అది చూపించకపోయినంత మాత్రాన వృషణం లేదని నమ్మడానికి వీల్లేదు. రిపోర్టు కవరు పట్టుకుని వచ్చే తల్లిదండ్రులను చూసినప్పుడల్లా ఆ డబ్బు పిల్లవాడి పాలకు ఖర్చు పెట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది. వరిబీజం అంటే వృషణం చుట్టూ నీరు చేరడం, ఇది వేరు. పసరు కట్టు జోలికి అసలు పోవద్దు, ఆ చర్మం చాలా సున్నితం.

ఇది చదివే మిగతా తల్లిదండ్రుల కోసం ఒక మాట. పుట్టిన బిడ్డకు రెండు వైపులా వృషణాలు చేతికి తగలకపోతే, బయటికి మగబిడ్డలా కనిపించినా సరే, ఆరు నెలలు ఆగకూడదు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథి లోపంతో పుట్టిన ఆడపిల్ల కూడా అలా కనిపించే అవకాశం ఉంది, ఆ లోపంలో ఒంట్లో ఉప్పు పడిపోయి మొదటి వారాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. వెంటనే రక్తపరీక్షలు చేయించాలి.

సమాధానం: ఇద్దరు పిల్లల తల్లి, హైదరాబాదు

అన్నయ్య గారూ, మా చిన్నవాడిది మీ బాబు కంటే కొంచెం చిక్కైన సంగతి, అందుకే రాస్తున్నాను. వాడికి ఎడమ వృషణం గజ్జలో కూడా తగల్లేదు. మత్తు ఇచ్చాక మళ్ళీ ఒకసారి పరీక్షిస్తామని, అప్పటికీ తగలకపోతే బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి లాపరోస్కోపుతో లోపల చూస్తామని మాకు ముందే చెప్పారు. లోపలికి వెళ్ళాక కనిపించేది మూడు రకాలుగా ఉండవచ్చట. వృషణం కడుపులోనే ఉండవచ్చు, రక్తనాళాలు గజ్జలోకి వెళ్ళి ఉండవచ్చు, లేదా నాళాలు మధ్యలోనే ఆగిపోయి అక్కడ వృషణమే లేకపోవచ్చు. కడుపులో ఉందన్న మాట వినేదాకా మేము ఆపరేషన్ గది బయట ఎలా కూర్చున్నామో చెప్పలేను.

మా వాడి వృషణం బాగా పైన ఉంది, రక్తనాళాలు సంచిదాకా రావడానికి చాలినంత పొడవు లేవు. అలాంటప్పుడు ప్రధాన రక్తనాళాలను బంధించి, శుక్రవాహిక వెంట వచ్చే సన్నని నాళం మీదే వృషణం బతికేటట్లు చేస్తారు. దీన్ని ఫౌలర్, స్టీఫెన్స్ అనే మెల్‌బోర్న్ వైద్యులు 1959లో ప్రచురించారని, వారి పేర్లతోనే పిలుస్తారని మా డాక్టరమ్మ చెప్పారు. మొదటిసారి నాళాలను బంధించి వదిలేశారు. పక్క నాళాలు పెరిగి బలపడటానికి ఆరు నెలలు ఆగి, రెండోసారి కిందికి దించారు. రెండు దశల్లో చేస్తే సుమారు 85 శాతం మందిలో వృషణం నిలుస్తుందని, మిగతావారిలో ఎండిపోతుందని దాపరికం లేకుండా ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. మా వాడిది నిలిచింది, కానీ కుడిదాని కంటే బాగా చిన్నది. మీ బాబుది గజ్జలోనే తగులుతోందంటే ఈ అవస్థలేవీ ఉండవు.

ఆపరేషన్ అయిన తరువాత సంగతి ఎవరూ అడగరు గానీ, తల్లులకు కావలసింది అదే కదా. ఆ సాయంత్రమే ఇంటికి పంపారు. మత్తులో ఉండగానే నడుము చివర తిమ్మిరి మందు ఇచ్చారు కాబట్టి ఇంటికి చేరేదాకా నొప్పి తెలియలేదు, రాత్రికి చిరచిరలాడితే వాళ్ళు రాసిచ్చిన పారాసిటమాల్ చుక్కలు బరువు లెక్కన వేశాం. సంచి వాచి, నీలంగా కమిలి కనిపిస్తుంది, దాన్ని చూసి కంగారు పడకండి, వారం పది రోజుల్లో అదే సర్దుకుంటుంది. కానీ వాపు రోజురోజుకూ పెరిగినా, జ్వరం వచ్చినా, కోత దగ్గర చీము కనిపించినా వెంటనే తీసుకురమ్మన్నారు. మూడు చక్రాల సైకిలు, చెక్క గుర్రం, అలాగే చంకనెత్తుకునేటప్పుడు కాళ్ళు అటూ ఇటూ చాపి నడుము మీద కూర్చోబెట్టుకోవడం కొన్ని వారాలు వద్దన్నారు. మా అత్తగారికి చంకనెత్తుకోవద్దని నచ్చచెప్పడమే అన్నిటికంటే కష్టమైన పని. వాడు మాత్రం మూడో రోజునుంచే పరుగులు పెట్టాడు.

సమాధానం: ఆలస్యంగా ఆపరేషన్ అయినవాడు, పుణె

నాకు ఎడమ వైపు వృషణం దిగలేదన్న సంగతి మా ఇంట్లో చిన్నప్పుడే తెలుసు, కానీ సిగ్గు పడే విషయంగా చూసి ఎవరితోనూ అనలేదు. ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో, అప్పటికి నాకు 13 నిండాయి, హెర్నియాగా పైకి ఉబికి నొప్పి వస్తే అప్పుడు రెండూ కలిపి ఆపరేషన్ చేశారు. మా స్నేహితులకు మాత్రం అపెండిసైటిస్ అని చెప్పమన్నారు. ఆపరేషన్ తరువాత దాని గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు, మళ్ళీ చూపించుకోవాలని కూడా తెలియదు.

ఇప్పుడు ఇంట్లో పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. మనసులో పీకుతూ ఉంటే నేనే వెళ్ళి వీర్యపరీక్ష చేయించుకున్నాను. మిల్లీలీటరుకు 1 కోటి 90 లక్షల శుక్రకణాలు ఉన్నాయని, కదలిక పర్వాలేదని రిపోర్టులో ఉంది. ఎడమది కుడిదానిలో సగం కూడా ఉండదు. గడ్డం, మీసం, మిగతా అన్ని విషయాలూ మామూలుగానే ఉన్నాయి. నా ప్రశ్నలు రెండు. ఈ సంఖ్యతో పిల్లలు పుడతారని అనుకోవచ్చా? 13 ఏళ్ళ వయసులో చేయించుకోవడం వల్ల నాకు క్యాన్సర్ ప్రమాదం ఎక్కువా? నంద్యాల నాన్న గారి ప్రశ్నలో ఇది కూడా ఉంది కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. ఆయనకు నేను చెప్పగలిగింది ఒకటే, ఆపరేషన్ ఎప్పుడు చేయించినా సరే, ఆ విషయం పిల్లవాడికి పెద్దయ్యాక చెప్పండి, కాగితాలు దాచి ఇవ్వండి.

సమాధానం: యూరాలజిస్టు, విజయవాడ

పుణె నుంచి రాసిన సోదరుడికి ముందుగా. వీర్యపరీక్షలో శుక్రకణాల సంఖ్యకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన కింది హద్దు మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షలు. మీది దానికి పైనే ఉంది. ఒక్క పరీక్షతో నిర్ణయానికి రాకూడదు, రెండు నుంచి ఏడు రోజులు స్ఖలనం లేకుండా ఉండి, కొన్ని వారాల తరువాత మరొకసారి చేయించండి. రెండోసారి కూడా ఇలాగే వస్తే పెళ్ళి వాయిదా వేసుకోవడానికి ఇది కారణం కాదు.

సంతానం విషయంలో చాలా ఏళ్ళుగా నమ్మకంగా ఉదహరించే లెక్కలు అమెరికాలోని పిట్స్‌బర్గ్ నుంచి వచ్చాయి. చిన్నప్పుడు ఆపరేషన్ అయి, పెద్దయ్యాక పిల్లల కోసం ప్రయత్నించిన పురుషులను అక్కడి వైద్యులు గమనించారు. ఒకవైపు మాత్రమే దిగని వారిలో దాదాపు 90 శాతం మంది తండ్రులయ్యారు. ఏ లోపమూ లేనివారిలో ఆ సంఖ్య 93, 94 శాతం దగ్గర ఉంది. అంటే ఒకవైపు లోపం ఉన్నవారికి వీర్యంలో సంఖ్య కాస్త తగ్గినా, తండ్రి కావడంలో పెద్ద తేడా లేదు. రెండు వైపులా దిగని వారిలో మాత్రం 65 శాతం మందే తండ్రులయ్యారు. నంద్యాల నాన్న గారు గమనించవలసింది ఏమిటంటే, ఎడమ వృషణం బాగున్నంత మాత్రాన కుడిదాన్ని వదిలేయడం అంటే బాబు జీవితమంతా ఒక్కదాని మీదే ఆధారపడటం. ఆ ఒక్కదానికి రేపు మెలి పడినా, క్రికెట్ బంతి తగిలినా, గవదబిళ్ళల వల్ల వాచినా చేతిలో మరొకటి ఉండదు. పైగా దిగని వృషణానికే మెలి పడే అవకాశం ఎక్కువ, గజ్జలో నొప్పిగా మాత్రమే కనిపించడం వల్ల దాన్ని గుర్తుపట్టడంలో ఆలస్యం జరుగుతుంది.

పురుష హార్మోను సంగతి వేరు. టెస్టోస్టిరాన్ తయారుచేసే కణాలు వేడిని బీజకణాల కంటే బాగా తట్టుకుంటాయి. అందుకే పుణె సోదరుడి లాంటివారికి మీసం, గొంతు, లైంగిక సామర్థ్యం మామూలుగానే ఉండి, పరిమాణం, శుక్రకణాల సంఖ్య మాత్రం తగ్గుతాయి. వృషణం పరిమాణంలో అధికభాగం శుక్రకణాలను తయారుచేసే సన్నని గొట్టాలదే కాబట్టి, అది చిన్నదిగా ఉందంటే ఆ గొట్టాలు దెబ్బతిన్నాయని అర్థం.

ఇక క్యాన్సర్. స్వీడన్‌లో 1964 నుంచి 1999 వరకు ఈ ఆపరేషన్ చేయించుకున్న 16,983 మందిని గమనించి, 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. 13 ఏళ్ళలోపు ఆపరేషన్ అయినవారికి వృషణ క్యాన్సర్ ప్రమాదం సాధారణ జనాభాతో పోలిస్తే 2.23 రెట్లు, 13 నిండాక అయినవారికి 5.40 రెట్లు ఉన్నట్లు తేలింది. ఈ రెట్లు చూసి బెంబేలెత్తవద్దు. ఆ దాదాపు 17 వేలమందిలో క్యాన్సర్ వచ్చినవారు మొత్తం 56 మంది. స్వీడన్ వంటి ఉత్తర ఐరోపా దేశాల్లో ఈ జబ్బు ఎక్కువ, మన దేశంలో మొదటినుంచీ చాలా అరుదు. అరుదైనదాన్ని అయిదుతో గుణించినా అరుదుగానే ఉంటుంది. తొందరగా గుర్తిస్తే పూర్తిగా నయమయ్యే క్యాన్సర్లలో ఇది ముందు వరసలో ఉంటుంది. అయినా ప్రమాదం సున్నాకు దిగిపోలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. కొందరు తల్లిదండ్రులు ఆపరేషన్‌తో ఆ అధ్యాయం ముగిసిందనుకుంటారు, నిజానికి ఆపరేషన్ ఇచ్చే మరొక ప్రయోజనం వృషణాన్ని చేతికి అందే చోటికి తేవడం. కడుపులో ఉన్నదానిలో గడ్డ పుడితే అది బాగా పెద్దదయ్యేదాకా ఎవరికీ తెలియదు.

పుణె సోదరుడు నెలకొకసారి వేడినీళ్ళ స్నానం తరువాత, చర్మం వదులుగా ఉన్నప్పుడు, రెండింటినీ బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పట్టి నెమ్మదిగా తిప్పి చూసుకోవాలి. వెనక వైపు మెత్తగా, తాడులాగా తగిలేది శుక్రకణాలు నిలవ ఉండే భాగం, దాన్ని గడ్డ అనుకుని భయపడవద్దు. వృషణం మీదే గట్టిగా, నొప్పి లేని గడ్డ తగిలినా, పరిమాణం మారినా, బరువుగా అనిపించినా ఆలస్యం చేయకుండా యూరాలజిస్టును కలవాలి. నొప్పి లేదు కదా అని ఊరుకునేవారే ఎక్కువ, నొప్పి లేకపోవడమే ఇక్కడ హెచ్చరిక.

ఇది చదివేవారిలో యుక్తవయసు దాటినా ఆపరేషన్ చేయించుకోనివారు ఉంటే, వారి విషయంలో లెక్క మారుతుంది. ఒకవైపు దిగక, రెండోది ఆరోగ్యంగా ఉన్నప్పుడు, దించినా శుక్రకణాలు తయారయ్యే ఆశ దాదాపు ఉండదు కాబట్టి, దాన్ని తీసివేయడమే మంచిదని చాలాసార్లు సలహా ఇస్తాం. ఇది వయసును, వృషణం ఉన్న చోటును, మత్తు తట్టుకునే ఆరోగ్యాన్ని బట్టి మనిషి మనిషికీ మారే నిర్ణయం.

తిరిగి అడిగినది: నంద్యాల నాన్న

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఈ సమాధానాలన్నీ మా అమ్మకు చదివి వినిపించాను. ఇంజెక్షన్ల ఆలోచన మానుకున్నాం. అమ్మ ఇప్పుడు మొక్కు సంగతి పక్కన పెట్టి, అంత పసివాడికి పూర్తి మత్తు ఇస్తే మెదడు మందగిస్తుందేమో అని అడుగుతోంది. ఆ భయం నాకూ ఉంది. ఆపరేషన్ తరువాత ఎన్నాళ్ళు చూపించుకోవాలో, ఖర్చు విషయంలో ఏమైనా దారి ఉందో కూడా చెప్పగలరా?

సమాధానం: పిల్లల శస్త్రవైద్యుడు, విశాఖపట్నం

మీ అమ్మగారిది సరైన ప్రశ్నే. మూడేళ్ళలోపు పిల్లలకు మూడు గంటలకు మించి, లేదా పదే పదే మత్తు ఇవ్వడం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించింది. మీ బాబుకు పట్టేది సాధారణంగా గంటలోపు, అదీ ఒక్కసారే. హెర్నియా ఆపరేషన్ చేసిన 722 మంది పసిపిల్లలను ఏడు దేశాల్లో రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపుకు పూర్తి మత్తు, రెండో గుంపుకు మెలకువగా ఉండగానే నడుము దగ్గర తిమ్మిరి మందు ఇచ్చి, అయిదేళ్ళ వయసులో వారి తెలివితేటలను పరీక్షించారు. 2019లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన ఫలితాల్లో రెండు గుంపుల మధ్య తేడా లేదు. వారు మీ బాబు కంటే ఎంతో చిన్నవారు, కొన్ని వారాల పసికందులు. మత్తు ఇచ్చే వైద్యుడు చిన్నపిల్లలకు అలవాటుగా ఇచ్చేవారేనా అన్నది మాత్రం కనుక్కోండి. ఆపరేషన్ ముందు తల్లిపాలు నాలుగు గంటలు, పోతపాలు, ఆవుపాలు ఆరు గంటలు ఆపాలి. జలుబు, దగ్గు ఉంటే దాచకుండా చెప్పండి, కొన్ని వారాలు వాయిదా వేయడంలో నష్టం లేదు.

ఖర్చు విషయానికి వస్తే, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో పిల్లల శస్త్రచికిత్స విభాగాలు ఉన్నచోట ఈ ఆపరేషన్ చేస్తారు. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఎన్టీఆర్ వైద్యసేవ) కార్డు ఉంటే, ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే ఉద్యోగికి వైద్యుడి చీటీ చూపించి, జాబితాలో ఉందో లేదో, ఏ ఆసుపత్రిలో చేస్తారో ముందే తేల్చుకోండి. ముందస్తు అనుమతి రావడానికి కొన్ని రోజులు పడుతుంది, 18 నెలల గడువుకు ఆ రోజులు కూడా లెక్కవేసుకోండి.

చూపించుకోవడం గురించి. మొదటి వారంలో కోత చూడటానికి ఒకసారి, మూడు నెలలు నిండాక ఒకసారి, ఏడాది నిండాక ఒకసారి రమ్మంటాం. ఏడాది గడిచాక చూసేదే అసలు ఫలితం, ఎందుకంటే ఎండిపోవడం గానీ, పైకి జరగడం గానీ జరిగి ఉంటే అప్పటికి తెలిసిపోతుంది. మేము వృషణాన్ని పూసల దండలాగా ఒక్కో పరిమాణంలో గుడ్లు కట్టిన కొలమానంతో పోల్చి నమోదు చేస్తాం. ఈ వయసులో ఒకటి రెండు మిల్లీలీటర్లు ఉండటం మామూలే, నాలుగు మిల్లీలీటర్లకు చేరడం యుక్తవయసు మొదలైనట్లు గుర్తు. ఆ వయసులో తప్పక మరొకసారి చూపించండి. 18 నిండాక వీర్యపరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది బాబు ఇష్టానికి వదిలేయవచ్చు. ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి కాగితం రెండు నకళ్ళు తీయించి ఒకటి టీకాల పుస్తకంలో పెట్టండి, ఎడమదా కుడిదా, ఎక్కడ దొరికింది, ఏం చేశారు అన్నవి అందులో స్పష్టంగా రాయించుకోండి.